ఎంత కన్ను

రుషికొండ మీద మా ఆఫీసులో
కంపైలర్ పదకొండు నిమిషాలు ఆలోచించేది.
ఆ పదకొండు నిమిషాలూ నేను కిటికీ దగ్గర నిలబడి
లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెట్టేవాణ్ణి.
ఏడు. ఒక్కోసారి తొమ్మిది.
బెర్తు ఖాళీ కోసం అవీ, పచ్చ టిక్కు కోసం నేనూ.

మొదట్లో ఇంత లేదు.
ఒక పేరు, ఒక సంఖ్య, అంతే.
ఓ రాత్రి ఎవరో టన్నుల గడిలో కిలోలు పోశారు.
క్రేను ఎత్తబోయి, మూలిగి, ఆగింది.
కింద నిలబడ్డ కళాసీ పేరు ఇప్పటికీ గుర్తే:
కోరాడ సన్యాసినాయుడు.
అతనికేం కాలేదు.
మర్నాడు టీ బండి దగ్గర
"రాత్రి ఏటైందండి బాబూ?" అని నన్నే అడిగాడు.

అప్పుడు నేర్చుకున్నాను
కిలోకి ఒక రకం, టన్నుకి ఒక రకం,
రెండూ కలపబోతే గుమ్మంలోనే ఆపేసే భాష.
ఎంత నిద్ర పట్టిందో ఆ వారం.

నిద్ర రుచి మరిగినవాడు ఆగడు.
కంటైనరుకి సీలుందా, అదీ టైపులోనే.
కస్టమ్స్ చూశారా, టైపులోనే.
ఓడ బెర్తులో ఉందని రుజువు చూపనిదే
దించే ఫంక్షన్ చేతికి రాదు.
పూర్తిగా దించానని రుజువు చూపనిదే
తాడు విప్పే ఫంక్షన్ పుట్టదు.
టైపు మీద టైపు, టైపుల్ని కనే టైపు,
ఒక్కో ఫంక్షన్ సంతకమే పద్నాలుగు వరసలు.
"వాడదో రకం" అని వెనక నవ్వుకునేవారు.
"అబద్ధానికి చోటే లేదిందులో" అని
డెమోలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

మైలపల్లి మోహిత జూన్‌లో చేరింది.
జాలరిపేట పిల్ల, లెక్కల్లో దిట్ట.
ఒక్క గడి చేర్చమన్నాను, ట్రక్కు నంబరు.
రెండొందల వరసల ఎర్రర్ వచ్చింది.
మూడు రోజులు చదివింది. నన్నడగలేదు.
నాలుగో రోజు కుర్చీ నా వైపు తిప్పి
"సార్, మా పెదనాన్న వల అల్లితే
కన్నులో మూడు వేళ్లు పెట్టి చూస్తాడు.
మీరీ కన్నులో ఏటి పెట్టి చూసినారు?" అంది.

నవ్వాను. కోపమూ వచ్చింది.

అక్టోబరులో వాయుగుండం.
హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు.
గోడకి కొట్టుకు చావకుండా
బెర్తుల్లో ఉన్నవన్నీ నడిసంద్రానికి పొమ్మన్నారు.
సగం దించిన ఓడ ఒకటి తాడు విప్పుకుంది.
నా భాషలో అలాంటి ఓడ లేదు.
ఆ వాక్యమే రాయలేం.
డాల్ఫిన్ నోస్ అవతల, వానలో,
లేని ఓడ వెళ్లిపోతోంది
మూడొందల పన్నెండు పెట్టెలతో.

ఆ రాత్రి జనరేటరు వెలుగులో, ఇద్దరం,
మెత్తబడిపోయిన మురీ మిక్చర్ పొట్లం మధ్యలో పెట్టుకుని
కొట్టేయడం మొదలుపెట్టాం.
ఒక్కో రుజువూ తీస్తుంటే పన్ను పీకినట్టే.
ఓడకి మూడు స్థితులు చాలన్నాం:
వచ్చింది, ఉంది, పోయింది.
మిగతాది మామూలు అయితే, కాకపోతే.
నడిచేటప్పుడు చూసుకోవడం, తప్పైతే అరవడం.
కస్టమ్స్ దగ్గర గొడవపడ్డాం.
తీసేద్దామన్నది నేను. ఉంచమన్నది ఆమె.
ఉంచాం.
కిలోల్నీ టన్నుల్నీ మాత్రం ఎవరం ముట్టుకోలేదు.

ఇప్పుడు కంపైలరుకి నలభై సెకన్లు.
ఓడలు లెక్కపెట్టే తీరిక లేదు.
మార్చిలో ఒక తప్పు జారింది,
నా పాత టైపు కచ్చితంగా పట్టుకునేదే.
ఒక పూట యార్డు ఆగింది.
మోహిత ఏమీ అనలేదు. నేనూ అనలేదు,
అనాలని నాలుక చివరిదాకా వచ్చినా.

తాడు విప్పే ఫంక్షన్ పైన
ఆమె రాసిన కామెంటు అలాగే ఉంది, తెలుగులో:
"గాలొస్తే ఓడ ఆగదు.
ఇక్కడ కంపైలర్ చూడదు.
మీరు చూడండి."